పిల్లికూనలకు డాక్టరును వెతుకుదాం

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు అంటారు. ఆ ఏడిళ్ళలో మీ ఇల్లూ ఒకటి అయిందనుకోండి. అటక మీదనో, పాత గోనెసంచుల వెనకనో మూడు కూనలు కనిపించాయి. మొదటి రోజంతా సంబరమే. పేర్లు ఏం పెట్టాలి, ఎక్కడ పడుకోబెట్టాలి అనే చర్చతోనే పొద్దు గడిచిపోతుంది. రెండో రోజు ఒక కూన పాలు ముట్టదు. మూల ముడుచుకొని పడుకుంటుంది. "జ్వరమేమో! మనం వేసుకొనే జ్వరం బిళ్ళలో చిన్న ముక్క అరగదీసి పోయండి" అని ఇంట్లో ఎవరో సలహా చెబుతారు.

ఆగండి! ఆ ముక్క పోస్తే కూన బతకడం కష్టం.

మనకు జ్వరం వస్తే వేసుకొనే బిళ్ళలో ఉండేది పారాసిటమాల్. అది మన కడుపులోకి వెళ్ళాక ఏమవుతుంది? మన కాలేయంలో ఒక ఎంజైము ఉంది. అది పారాసిటమాల్ అణువుకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తుంది. అలా తగిలించిన అణువు నీటిలో సులభంగా కరిగి, మూత్రంలో బయటికి పోతుంది. పిల్లి శరీరంలో ఈ ఎంజైమును తయారుచేసే జన్యువు పాడైపోయి ఉంది. పెంపుడు పిల్లిలోనే కాదు, పులి, సింహం, చిరుతపులి వంటి దాని చుట్టాలన్నిటిలోనూ అంతే. మొక్కల్లో రకరకాల విషపదార్థాలుంటాయి. మొక్కల్ని తినే జంతువులకు ఈ ఎంజైము లేకపోతే రోజు గడవదు. మాంసం మాత్రమే తినే పిల్లి జాతికి దానితో అంత పని లేకపోయింది. అందుకే అది పాడైనా ఆ జాతి నిలిచిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

బయటికి పోలేని పారాసిటమాల్ పిల్లి ఒంట్లో విషంగా మారుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేని రూపంలోకి మారిపోతుంది. అప్పుడు చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. ముఖం, పాదాలు వాస్తాయి. ఊపిరి ఆడుతూనే ఉన్నా కణాలకు ప్రాణవాయువు అందదు! 500 మిల్లీగ్రాముల బిళ్ళలో పావు ముక్క ఒక కిలో పిల్లిని చంపడానికి చాలు.

పిల్లికి డాక్టరును ఎంచుకోవడం ఎందుకంత ముఖ్యమో ఈ ఒక్క సంగతి వల్ల తెలుస్తోంది గదా! పిల్లి చిన్న మనిషి కాదు, చిన్న కుక్కా కాదు. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ అనే మందు కుక్కకు ఏమీ చేయదు. అదే మందు పిల్లి ఒంటికి రాస్తే వణుకు, మూర్ఛలు వస్తాయి. కాబట్టి మనకు కావలసింది ఈ తేడాలు తెలిసిన డాక్టరు. ఆ డాక్టరు మన ఇంటి ఖర్చుకు అందుబాటులోనూ ఉండాలి. ఈ రెండూ కలిసే చోటు ఎలా కనుక్కోవాలో చూద్దాం.

ఎవరిని డాక్టరు అనవచ్చు?

పశువైద్య కళాశాలలో బి.వి.ఎస్‌సి. అండ్ ఎ.హెచ్. అనే పట్టా తీసుకొన్నవారు పశువైద్యులు. ఈ చదువు అయిదున్నర సంవత్సరాలు. అందులో ఆవు, గేదె, గొర్రె, కోడి, కుక్క, పిల్లి అన్నిటి గురించీ నేర్పుతారు. పట్టా వచ్చాక రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. 1984లో వచ్చిన భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం అలా నమోదైనవారే వైద్యం చేయాలి. నమోదు సంఖ్య ఉన్న పత్రాన్ని చాలామంది గోడకు తగిలిస్తారు. వెళ్ళినప్పుడు దాన్ని చదవండి. కనిపించకపోతే మర్యాదగా అడగండి. నమోదైన డాక్టరు ఎవరూ ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు.

ఇలా ఎందుకు చెప్పవలసి వస్తోందంటే, కుక్కపిల్లలను, పిల్లికూనలను అమ్మే దుకాణంలోనే "టీకా కూడా మేమే వేస్తాం" అనేవాళ్ళున్నారు. మందుల కొట్లో జబ్బు పేరు చెప్పి మందు తెచ్చుకొనేవాళ్ళూ ఉన్నారు. అక్కడ డబ్బు తక్కువే అవుతుంది, నిజమే. కాని కూనను చూసి, తూచి మందు నిర్ణయించేవాళ్ళు అక్కడెవరూ ఉండరు.

తూచి అన్నాను. దీని గురించి కొంచెం లెక్క వేద్దాం. పెద్ద ఎద్దు బరువు 400 కిలోలనుకోండి. నెల వయసు పిల్లికూన బరువు సుమారు 400 గ్రాములు. అంటే వెయ్యో వంతు! ఒక మందును కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలనుకుందాం. మన కూనకు కావలసింది 4 మిల్లీగ్రాములు. సీసాలోని మందు ఒక మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల చిక్కదనంలో ఉంటే, 4ను 50తో భాగించాలి. 0.08 మిల్లీలీటరు వస్తుంది. ఒక నీటిచుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. అంటే మొత్తం మోతాదు రెండు చుక్కల కంటే తక్కువ. పొరపాటున ఒక్క చుక్క ఎక్కువ పడితే ఏమవుతుంది? 2.5 మిల్లీగ్రాములు అదనంగా వెళ్ళినట్లు. నూటికి అరవై పాళ్ళకు పైగా ఎక్కువన్నమాట. ఎద్దుకు ఒక చుక్క ఎక్కువైతే దానికి తెలియనే తెలియదు.

అందుకే కూనను త్రాసు మీద పెట్టకుండా, చేత్తో ఎత్తి చూసి "అరకిలో ఉంటుందిలే" అనే డాక్టరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ముందు తూచి, సన్నని ఒక మిల్లీలీటరు సిరంజి అందుకొనే డాక్టరును చూస్తే మీకు సగం నమ్మకం కుదిరినట్లే.

ఎక్కడ వెతకాలి?

మండలాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. అక్కడ పరీక్షకు రుసుము ఉండదు, ఉన్నా నామమాత్రమే. అయితే ఆ ఆసుపత్రులు ముఖ్యంగా పాడిపశువుల కోసం, గొర్రెలు మేకల కోసం, కోళ్ళ కోసం ఏర్పడినవి. అక్కడి డాక్టరుగారు రోజుకు ఎన్నో గేదెల్ని చూడవచ్చు, నెలకు ఒక పిల్లిని చూడవచ్చు. ఆయన చదివిన చదువు మాత్రం అదే. నులిపురుగుల మందుకు, రేబిస్ టీకాకు, చిన్న గాయాలకు అక్కడికి నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. పిల్లులకు ప్రత్యేకమైన మూడు రోగాల టీకా అక్కడ లేకపోవచ్చు. ముందుగా కనుక్కోండి. "నేను పిల్లులకు ఆపరేషన్లు ఎక్కువ చేయలేదు, ఫలానావారి దగ్గరికి తీసుకెళ్ళండి" అని ఆయనే చెబితే ఆయన్ని తక్కువ చేయకండి. ఆ మాట చెప్పగలిగిన డాక్టరు నమ్మదగిన డాక్టరు.

రెండో చోటు పశువైద్య కళాశాలల ఆసుపత్రులు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, తిరుపతి, విజయవాడ దగ్గర గన్నవరం, ఇంకా ప్రొద్దుటూరు, గరివిడి, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరులలో ఈ కళాశాలలున్నాయి. విద్యార్థులు నేర్చుకోవడానికి జంతువులు రావాలి గదా! కాబట్టి ఇటువంటి చోట ఖర్చు తక్కువ. ఆచార్యులు దగ్గరుండి చూస్తారు. ఇబ్బందల్లా ఒక్కటే. వరుసలో కూర్చోవాలి, పూట గడిచిపోతుంది. ఒక్క కూన చుట్టూ ఆరుగురు విద్యార్థులు మూగితే అది కాస్త బెదురుతుంది కూడా. నాకైతే ఆపరేషన్ వంటి పెద్ద పనికి ఈ ఆసుపత్రులు మంచివనిపిస్తుంది.

మూడోది ప్రైవేటు డాక్టర్లు. రుసుము ఎక్కువ, కాని సాయంత్రాలు, ఆదివారాలు దొరుకుతారు. పట్టణాల్లో కుక్కల్ని, పిల్లుల్ని మాత్రమే చూసేవారున్నారు. ఇవికాక హైదరాబాద్‌లోని బ్లూక్రాస్ వంటి జీవకారుణ్య సంస్థలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తక్కువ ఖర్చుతో అయ్యే చోటు ఎక్కడుందో వీరిని అడిగితే తెలుస్తుంది.

రుసుము ఒక్కటే అడిగితే చాలదు

చాలామంది ఫోన్ చేసి, "చూడటానికి ఎంత తీసుకుంటారండీ?" అని అడుగుతారు. ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదు. మొదటి సంవత్సరంలో ఎన్నిసార్లు వెళ్ళాలో ముందు తెలుసుకోవాలి.

కూనకు రెండు నెలల వయసులో మూడు రోగాల టీకా మొదలుపెడతారు. పిల్లి పేగుల్ని, తెల్ల రక్తకణాల్ని నాశనం చేసే పాన్‌ల్యూకోపీనియా, జలుబూ నోటిపూతా తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌లు ఆ మూడు. తరువాత మూడు నాలుగు వారాలకొకసారి, 16 వారాల వయసు వచ్చేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. అది ఈ రాకపోకల్లోనే కలిసిపోతుంది. ఆపరేషన్ అయిదారు నెలలప్పుడు. మొత్తం నాలుగు ప్రయాణాలు అనుకుందాం.

ఇప్పుడు ఒక ఊహా లెక్క. ఒక ఆసుపత్రిలో రుసుము లేదు. కాని అది దూరం, రానూపోనూ ఆటోకు 400 రూపాయలు. మీ వీధి చివర ఒక డాక్టరుగారున్నారు. కూన ఒక్కింటికి 300 రూపాయలు తీసుకుంటారు. నడిచి వెళ్ళవచ్చు. మందుల ధర రెండుచోట్లా ఒకటే. మీకు ఒకే కూన ఉంటే ఉచిత ఆసుపత్రికి నాలుగుసార్లకు 1600 రూపాయలు, వీధి చివరి డాక్టరుకు 1200. ఉచితమే ఖరీదైంది! అదే మూడు కూనలుంటే? బుట్ట ఒక్కటే, ఆటో ఒక్కటే. దూరపు ఆసుపత్రికి అదే 1600. వీధి చివర మాత్రం 3600. ఈ అంకెలు నేను లెక్క కోసం అనుకొన్నవి. మీ ఊరి అంకెలు వేసుకొని మీరే చేయండి. ఒకే కాన్పు కూనలన్నిటినీ కలిపి తెస్తే కొందరు డాక్టర్లు రుసుము తగ్గిస్తారు. అడగడానికి మొహమాటపడవద్దు.

టీకా ఇన్నిసార్లు ఎందుకు, డబ్బు కోసమేనా అని మీకు సందేహం రావచ్చు. న్యాయమైన సందేహమే. కూన పుట్టిన మొదటి రోజున తల్లి జున్నుపాలు తాగుతుంది. ఆ పాలతో తల్లి ఒంటిలోని ప్రతిరక్షకాలు కూనకు వస్తాయి. అవి కొన్ని వారాలపాటు రోగాల నుంచి కాపాడతాయి. అయితే టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను కూడా అవి శత్రువనుకొని పట్టుకొని నాశనం చేస్తాయి. అప్పుడు కూన శరీరం ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకోదు. వేసిన టీకా వృథా అవుతుంది. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఎప్పుడు కరిగిపోతాయి? ఒక కూనలో 8 వారాలకు, మరొకదానిలో 14 వారాలకు కావచ్చు. పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే మధ్యమధ్య మళ్ళీ మళ్ళీ వేసి, 16 వారాల వయసులో చివరిది వేస్తారు. ఆరో వారంలో ఒకటి వేసి "ఇక చాలు, పొండి" అనే డాక్టరు చవకగా కనిపిస్తారు. కాని ఆ కూనకు రక్షణ ఉన్నట్టు లెక్క కాదు.

నులిపురుగుల మందు చవక. దాన్ని మాత్రం మానకండి. తల్లిపాలతోనే పురుగుల పిల్లలు కూనల్లోకి వస్తాయి. మూడు వారాల వయసు నుంచి రెండు వారాలకొకసారి ఇవ్వడం మంచిది. పొట్ట కుండలా ఉబ్బి, వెన్ను పుల్లలా ఉన్న కూనను చూస్తే అది బాగా తిని బలిసిందనుకోకండి.

ఖర్చు తగ్గించుకోదలిస్తే తగ్గించుకోవలసినవి వేరే ఉన్నాయి. షాంపూ అక్కర లేదు, పిల్లి తన నాలుకతో తానే ఒళ్ళు తోముకుంటుంది. బాగా తింటున్న కూనకు టానిక్కులు అనవసరం. చిన్న కూన ఒంటి మీద ఈగులుంటే మన ఇళ్ళలోని పేల దువ్వెన చక్కగా పనిచేస్తుంది. దువ్వి, దువ్వెనను సబ్బునీళ్ళలో ముంచండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు

వెళ్ళేముందు మీరు చేయగల శాస్త్రీయమైన పని ఒకటుంది. వంటింటి త్రాసులో ఒక గిన్నె పెట్టి, కూనను రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాయండి. పుట్టినప్పుడు కూన సుమారు 100 గ్రాములుంటుంది. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. పుట్టిన తేదీ తెలియకపోతే నోరు చూడండి. ముందు పళ్ళు మొలుస్తుంటే మూడు నాలుగు వారాలు. 26 పాలపళ్ళూ వచ్చేస్తే సుమారు రెండు నెలలు. ఈ పుస్తకం తీసుకెళ్తే డాక్టరుగారి పని సులువవుతుంది. దాన్ని ఆయన తెరిచి చూస్తారో లేదో మీరూ గమనించవచ్చు.

మూత ఉన్న బుట్టలో పాత తువ్వాలు పరచి తీసుకెళ్ళండి. చేతుల్లో పట్టుకొని కుక్కల మధ్య కూర్చోవద్దు. ఆసుపత్రి నేల మీద కూనను వదలవద్దు. పాన్‌ల్యూకోపీనియా వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. ఒక జంతువును చూశాక బల్ల తుడుస్తున్నారా, డాక్టరు చేతులు కడుక్కుంటున్నారా అని చూడండి. పెద్ద భవనం, చల్లని గది, మెరిసే అద్దాలు వీటికి సాక్ష్యం కావు. రేకుల షెడ్డులో కూడా శుభ్రంగా పనిచేసేవారున్నారు.

మంచి డాక్టరు ఏం చేస్తారు? తూస్తారు. కళ్ళు, చెవులు, నోరు, చిగుళ్ళ రంగు చూస్తారు. పొట్ట మెల్లగా తడుముతారు. జ్వరం చూస్తారు. పిల్లికి మామూలుగా ఉండే వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అంటే మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఏం పెడుతున్నారని అడుగుతారు. ఇది ముఖ్యమైన ప్రశ్న. ఆవుపాలు, గేదెపాలు చాలా కూనలకు విరేచనాలు తెస్తాయి. మాంసాహారంలో ఉండే టారిన్ అనే పదార్థం లేకపోతే పిల్లి చూపు పోతుందని 1975లో పరిశోధనల్లో తేలింది. గుండె కూడా దెబ్బతింటుందని 1987లో తెలిసింది. పెరుగన్నంతో సరిపెట్టే ఇంట్లో ఈ సంగతి డాక్టరు చెప్పకపోతే ఎవరు చెబుతారు? ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపిన అన్నం కూడా పెట్టకూడదు. అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని పాడుచేస్తాయి. ఇంకో మాట. నల్ల ఫినాయిలుతో తుడిచిన తడి నేల మీద కూనల్ని తిరగనివ్వకండి. పాదాలు నాకినప్పుడు అది లోపలికి పోతుంది. మొదట చెప్పిన ఎంజైము కథే ఇక్కడా.

టీకా వేసేముందు మందు ఎక్కడ ఉంచారో చూడండి. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. కరెంటు పోతే ఏం చేస్తారని అడగండి. సీసా మీ ఎదుట తెరవాలి. సీసాకున్న చీటీని మీ కార్డు మీద అంటించి, తేదీ రాసి, సంతకం చేయాలి. ఈ కార్డు ఉంటే తరువాత ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్ళవచ్చు.

"ఈ రోజు కూన నీరసంగా ఉంది. టీకా వద్దు, పదిరోజులాగి రండి" అన్నారా? ప్రయాణం వృథా అయిందని విసుక్కోకండి. ఆ పూట రాగల డబ్బును ఆయన వదులుకొన్నారు. అటువంటి డాక్టరును మార్చకండి.

ఆపరేషన్ సంగతి మొదటి రోజే అడగడం మేలు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టవచ్చు. 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. మూడు కూనల ఖర్చుకే లెక్కలు వేస్తున్న ఇంట్లో ఏడాది తిరగకముందే ఏడు కూనలు కావచ్చు. ఆడపిల్లికి పొట్ట తెరవాలి కాబట్టి ఎక్కువ, మగపిల్లికి తక్కువ తీసుకుంటారు. చెప్పిన మొత్తంలో మత్తుమందు, నొప్పి మందు, కుట్లు విప్పడం కలిసి ఉన్నాయా అని అడగండి.

ఆగకూడని వేళలు

కొన్నిసార్లు చవక, ఖరీదు అని చూడటానికి వ్యవధి ఉండదు. చిన్న కూన ఒక పూటంతా ఏమీ తినకపోతే, ఒళ్ళు చల్లబడితే, నోరు తెరిచి రొప్పుతుంటే, చిగుళ్ళు తెల్లబడితే, వాంతులూ విరేచనాలూ ఆగకపోతే ఎవరు దగ్గరుంటే వారి దగ్గరికి పరుగెత్తాలి. కూన కాలేయంలో చక్కెర నిలవ చాలా తక్కువ. గంటల్లో పరిస్థితి చేయి దాటుతుంది. తువ్వాలులో చుట్టి, వెచ్చగా ఉంచి తీసుకెళ్ళండి. అందుకే రాత్రిపూట, ఆదివారం దొరికే డాక్టరు ఫోన్ నంబరు ఒకటి ముందే గోడ కాలెండరు మీద రాసిపెట్టుకోవాలి. పశువుల సంచార వైద్య వాహనాల కోసం మన రెండు రాష్ట్రాల్లోనూ 1962 అనే నంబరుంది. ఆ వాహనాలు ముఖ్యంగా పల్లెల్లోని పశువుల కోసం, అయినా దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో అడగవచ్చు.

కూన మిమ్మల్ని గీరినా, కరిచినా మీరు వెళ్ళవలసింది పశువైద్యుని దగ్గరికి కాదు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఇంట్లో చెప్పి, మనుషుల ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. ఆ వ్యాధి లక్షణాలు కనిపించాక బతికించడం దాదాపు అసాధ్యం. కాబట్టి చిన్న గీరే కదా అని ఊరుకోకూడదు, తిడతారని దాచకూడదు.

1885 జూలై 6న లూయీ పాశ్చర్, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ కుర్రవాడికి మొట్టమొదటిసారి రేబిస్ టీకా వేయించాడు. పిచ్చికుక్క కరిచిన ఆ కుర్రవాడు బతికాడు. ఆ రోజు గుర్తుగా జూలై 6ను జంతువుల నుంచి మనుషులకు సంక్రమించే వ్యాధుల దినంగా జరుపుతారు. ఆ రోజున చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. పిల్లులకూ వేస్తారా అని మీ ఊరి ఆసుపత్రిలో ముందుగా అడిగి పెట్టుకోండి. ఆ తేదీకి మీ కూనకు మూడు నెలలు నిండుతాయో లేదో మీ బరువుల పుస్తకంలో చూసి లెక్క వేయండి.